మడమలు రుద్దుకునే రాయి

నా పెళ్లిచూపుల్లో నా ముఖం ఎవరూ సరిగా చూడలేదు. కాళ్లు చూశారు. కాబోయే అత్త నన్ను పీట మీద కూర్చోబెట్టి, చీర బెత్తెడు పైకెత్తి, పాదాలు అటూ ఇటూ తిప్పి చూసింది. సంతలో ఎద్దును కొనేవాళ్లు గిట్టలు చూస్తారే, అట్లా. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగైతే ఆ పిల్ల మొగుణ్ణి ఏలుతుందట. పాదం మొత్తం నేలకు ఆనితే ఇంటికి అరిష్టమట. మడమ మెత్తగా ఉంటే పనికిమాలిందట. మొదటి రెండు పరీక్షల్లో గట్టెక్కాను. మూడో దాంట్లో తప్పాను. మాది కర్నూలు దిక్కు కాలువ పక్క ఊరు. మా నాయన బడిపంతులు. పొద్దస్తమానం తడిలో తిరిగే కాళ్లు మెత్తగా ఉండక ఏమవుతాయి?

"ఏం వదినా, మడమలు ఇంత నున్నగుండాయి? ఈ పిల్ల చేనికి పోయిన మాదిరి ల్యాదే," అంది.

మా అమ్మ బెదిరిపోయి, "అయ్యో, శానా పని చేస్తాది వదినా. పోయిన వారమే కాళ్లకు నూనె పెట్టినా, అందుకే," అని అబద్ధమాడింది.

ఆ అబద్ధం మీదనే నా పెళ్లి జరిగింది. స్వరాజ్యం రావడానికి ఇరవై ఏళ్ల ముందు మాట. రాయచోటికి అరపూట బండి ప్రయాణం దూరంలో ఉన్న ఆ మెట్ట ఊరికి కాపురానికి వచ్చాను.

ఆ ఊళ్లో తలకు ఆముదం ఉండేది, ఎద్దు మెడకు ఆముదం ఉండేది, బండి ఇరుసుకు ఆముదం ఉండేది. ఆడదాని కాలికి మాత్రం ఉండేది కాదు. కాళ్లకు నూనె రాసుకున్న ఆడదాన్ని ఒళ్లొంగనిదనేవాళ్లు. చెప్పులేసుకుంటే ఇంక చెప్పేదేముంది, దాని నడతనే అనుమానించేవాళ్లు. మగవాళ్లు కిర్రుకిర్రుమని చెప్పులతో ముందు పోతుంటే, మేము పల్లేరుగాయల మీద, తుమ్మముళ్ల మీద ఉత్తకాళ్లతో వెనక నడిచేవాళ్లం. మా అత్త మడమ పగుళ్లలో శనక్కాయ గింజ నిలిచేది. నవ్వకండి, నా కళ్లతో చూశాను. పగుళ్లు నెత్తురు కారితే తేనెమైనం కరిగించి చుక్కలు చుక్కలుగా పోసుకునేది. పళ్లు బిగబట్టేది గానీ అబ్బా అనేది కాదు. "ఈ కాళ్లతో శ్రీశైలానికి మూడుతూర్లు నడిసి పోయొచ్చినా" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది. ఆ కాళ్లే ఆమెకు మర్యాద. నా కాళ్లు చూసినప్పుడల్లా మూతి తిప్పేది.

ఆమెను మెప్పించాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మెప్పించడానికి దొరికింది ఒక్కటే దారి, బావి. మసీదు పక్క నాలుగిళ్లు తప్ప, ఊరందరికీ తాగేనీళ్లకు ఒకటే దిగుడుబావి ఉండేది. ముప్పై నలభై మెట్లు దిగాలి. ఎండాకాలంలో ఇంకో పది. నీళ్ల అంచున ఉన్న మెట్టు మీద నల్లటి రాయి ఒకటి, గరుకుగా, మనిషి కూర్చునేంత ఉండేది. నీళ్లు తగ్గేకొద్దీ మగవాళ్లు దాన్ని కింది మెట్టుకు, పెరిగితే పై మెట్టుకు మార్చేవాళ్లు. బావిలో దిగే ఆడది ఎవరైనా సరే ముందు ఆ రాయి మీద మడమలు రుద్ది కడుక్కోవాలి. ఆ తర్వాతే మోకాటిలోతు నీళ్లలో దిగి కడవ ముంచాలి. దుమ్ము కాళ్లతో గంగమ్మను తొక్కితే ఊరికే చేటని మా అత్త చెప్పేది. ఆ రాయి మీద రుద్దితే పగుళ్లు మానుతాయని కూడా చెప్పేది. ఆమెవి ఎన్నేళ్లుగానో మానలేదు, అది వేరే సంగతి. ఊరి బయటి ఇళ్లవాళ్లను అసలు దిగనిచ్చేవాళ్లు కాదు. వాళ్లు పైన కడవలు పెట్టుకుని, ఎవరో ఒకరు దయతలిచి పోసేదాకా ఎండలో నిలబడాల్సిందే. వాళ్ల కాళ్లు తగిలితే బావి మైలపడుతుందట. మా కాళ్లు కడిగిన నీళ్లు మాత్రం తీర్థం!

కాళ్లు కడిగిన నీళ్లు మళ్లీ ఎక్కడికి పోతున్నాయని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. పంతులు బిడ్డను, చదవడం రాయడం వచ్చినదాన్ని, నాకూ తోచలేదు. పైగా అందరికంటే ఎక్కువగా రుద్దేదాన్ని. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లతో మా అత్త మొదటిసారి నన్ను మెచ్చుకున్నది ఆ మాటతోనే.

"మా కోడలు కాళ్లు కడగందే నీళ్లలో ఏలు గూడ పెట్టదు," అంది.

ఆ రోజు నాకు అన్నం అక్కర్లేకుండా కడుపు నిండింది.

ఆ ఊరికి ఒక జబ్బు ఉండేది. నారి అనేవాళ్లం. ఎండలు ముదిరాక కాలి మీద బొబ్బ లేచేది, నిప్పు పెట్టినట్టు మండేది. బొబ్బ చిదిగితే లోపలినుంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. మూర పొడుగుకు పైనే ఉండేది. నెలా రెండు నెలలు మంచం దిగేది లేదు. ప్రతి ఎండాకాలం ప్రతి ఇంట్లో ఒకరో ఇద్దరో కాళ్లు చాపుకుని మూలుగుతుండేవాళ్లు. దాన్ని పురుగు అనకూడదు, అంటే చెంపలు వేసుకోవాలి. అది నాగేంద్రుడి కోపమట. చేను దున్నేటప్పుడు తెలియక పుట్ట చెరిపిన పాపం ఇంట్లో ఎవరి కాల్లోనో లేస్తుందట.

నాకు లేచింది కాపురానికి వచ్చిన ఆరో ఏట, ఎడమకాలి చీలమండ పైన. అప్పటికి నా బిడ్డకు నాలుగేళ్లు. ఒక్కతే బిడ్డ. నడక నేర్చిందో లేదో తెలియదు గానీ పరుగు మాత్రం నేర్చింది. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి కళ్లంలోకి, ఎక్కడికి పోవాలన్నా పరుగే. మా అత్తకు అది ప్రాణం. నా కాళ్లకు దొరకని ఆముదం దాని కాళ్లకు దొరికేది. ప్రతి సాయంత్రం మనవరాలిని ఒళ్లో వేసుకుని అరికాళ్లు రాసేది.

నారి మంటకు మా అత్తకు తెలిసిన మందు చన్నీళ్లు. "పొద్దన్నే పోయి ఆ రాయి మీద కూసోని కాలు నీళ్లలో పెట్టుకోమ్మే. గంగమ్మ సల్లదనానికి నారి తల ఒంచుతాది," అంది. కుంటుకుంటూ రోజూ దిగేదాన్ని. కాలు నీళ్లలో పెడితే ప్రాణం లేచి వచ్చేది. పుండులోంచి పాలలాంటిది కొంచెం నీళ్లలోకి కారేది. అది చూసి పక్కనున్న ఆడవాళ్లు దండం పెట్టేవాళ్లు. "పాలు దిగినాయి, పాపం తీరిపోతాంది" అనేవాళ్లు. నేనూ చేతులు జోడించేదాన్ని. ఆ పక్కనే, రెండు జానల అవతల, మా అత్త కడవ ముంచేది.

ఆ రోజుల్లోనే గాజులమ్మే బూబక్క నాతో మాట్లాడింది. ఆమె మసీదు పక్కింటి ఆమె, నాకంటే పదేళ్లు పెద్దది. ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగేది. నా చేతికి గాజులు వేస్తూ కాలికట్టు చూసింది.

"మా ఇండ్లల్ల నారి ల్యాదు మ్మే, ఎప్పుడన్నా సూసినావా?" అంది.

నిజమే, చూడలేదు. ఏదో మొక్కు ఉందేమో అనుకున్నాను. అదే అడిగాను.

"మొక్కూ లేదు గిక్కూ లేదు. మా మసీదు బాయి సేదబాయి. సుట్టూ గోడ ఉండాది, గిలక ఉండాది. దాంట్లో ఎవురూ కాలు పెట్టరు. మా మొగోళ్లు దినాం ఐదుతూర్లు కాళ్లు కడుక్కుంటారు, చెంబుతో. ఆ నీళ్లు గోరింట చెట్టుకు పోతాయి. మీరేమో తాగే నీళ్లల్లోనే కడుగుతారు. నాకు సదువు రాదు, ఏందో నాకట్ల అనిపిస్తాది. నువ్వు తాగినా తాగకున్నా, పాపకన్నా రెండు చెంబుల నీళ్లు మా బాయివి తీసకపో."

నాకు మనసులో ఎక్కడో తగిలింది. వారం రోజులు తీసుకుపోయాను. చెంబు కొంగు చాటున పెట్టుకుని, దొడ్డిదారిన వచ్చి, పాపకు ఆ నీళ్లే తాపాను. ఎనిమిదో రోజు మా అత్త కంటపడ్డాను. ఆమె కేకలు వేయలేదు. చెంబు నా చేతిలోంచి తీసుకుని నీళ్లు పెంటదిబ్బ మీద పారబోసింది. చెంబును చింతపండుతో మూడుసార్లు తోమింది. తర్వాత నా ముందుకు వచ్చి నిలబడింది.

"గంగమ్మ నీళ్లు నీ బిడ్డకు పనికి రాకుండా పోయినాయా? ఇంగొక తూరి ఆ నీళ్లు ఈ ఇంటి గడప తొక్కితే, నీ చేతి నీళ్లు ఈ ఇంట్లో ఎవురూ తాగరు. మీ కాలువగట్టుకే పో."

మా ఆయన అక్కడే ఎద్దుకు కుడితిలో చిట్టు కలుపుతున్నాడు. నావైపు చూస్తాడేమోనని చూశాను. చిట్టు కలుపుతూనే ఉన్నాడు.

నేను మానేశాను. దీనికి సాకులు చెప్పుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను. చిన్నదాన్ననీ, దిక్కులేనిదాన్ననీ, కాలు బాగాలేదనీ. అవేవీ కావు. భయపడ్డాను, అంతే. మళ్లీ నన్ను ఆమె మెచ్చుకోదేమోనని భయపడ్డాను. నెల తిరిగేసరికి నా నారి పూర్తిగా బయటికి వచ్చింది, పుండు మానింది. నాగులకట్ట మీద పాలు పోసి వచ్చాం.

సరిగ్గా మరుసటి ఎండాకాలంలో పాప కుడి మోకాలి పక్కన బొబ్బ లేచింది.

మొదటి రోజు పరుగెత్తుతూనే ఉంది. రెండోరోజు నడిచింది. మూడోరోజు మా అత్త చంకనెత్తుకుని బావికి తీసుకుపోయి, ఆ రాయి మీద కూర్చోబెట్టి, మోకాలిదాకా నీళ్లలో ముంచింది. "సల్లగుండాదవ్వా" అని పాప నవ్విందట. ఆ మాట మా అత్తే ఇంటికి వచ్చి మురిసిపోతూ చెప్పింది. నారి తీసే పెద్దాయన వచ్చి పుల్లకు చుట్టడం మొదలుపెట్టాడు. పదిరోజులు బాగానే వచ్చింది. పదకొండో రోజు పాప నొప్పికి కాలు విదిలించింది. నారి తెగింది. తెగిన కొస లోపలికి పోయింది.

లోపల తెగితే ఏమవుతుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. రెండు రోజుల్లో మోకాలు ఉబ్బి నిగనిగలాడింది. ఒళ్లు పెనంలా కాలింది. పాప నీళ్లడిగేది. నేను ఇచ్చేదాన్ని, ఆ నీళ్లే. మా అత్త నాగులకట్ట దగ్గర తడిచీరతో పొర్లుదండాలు పెట్టింది. ఆమె మోచేతులు చీరుకుపోయాయి. ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేదని నేను ఏనాడూ అనను. అనగలిగితే నాకు సుఖంగా ఉండేది.

నాలుగోరోజు నేనే తెగించి, బండి కట్టకపోతే బావిలో పడతానని మా ఆయనతో చెప్పాను. రాయచోటి ఆసుపత్రికి పోయాం. డాక్టరు మోకాలు కోసి చీము తీశాడు. పదిహేను రోజులు ఆసుపత్రి అరుగు మీదే ఉన్నాం. ప్రాణం దక్కింది. కాలు మాత్రం మోకాటి దగ్గర వంగినది వంగినట్టే బిగుసుకుపోయింది. ఇంక చాపలేమని, మడమ నేలకు ఆనదని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత కట్టు మారుస్తూ నన్ను అడిగాడు.

"పోయిన ఏడు మీ ఇంట్లో నారి ఎవరికి లేచింది?"

"నాకేనండీ."

"ఆ కాలితో బావిలో దిగావా?"

నేను గర్వంగా చెప్పాను. చచ్చేదాకా మరిచిపోలేనిది అదే, గర్వంగా చెప్పాను. "కాళ్లు శుభ్రంగా కడుక్కోకుండా ఒక్కరోజు కూడా దిగలేదండీ. రుద్ది రుద్ది కడిగేదాన్ని."

ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. "ఎక్కడ కడిగేదానివమ్మా?"

"బావిలోనే."

"పుండులోంచి పాలలాంటిది కారేదా?"

"కారేదండీ. పాపం దిగిపోతుందని..."

"అవి పాలు కావు. ఆ పురుగు పిల్లలు. లక్షల్లో ఉంటాయి. నీళ్లలో పడి, కంటికి ఆనని నీటిపురుగుల్లో చేరతాయి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో ఏడాదిపాటు పెరిగి, మళ్లీ కాల్లోంచి బయటికొస్తాయి." ఆయన కోపంగా చెప్పలేదు. అలిసిపోయినట్టు చెప్పాడు. "నీళ్లలో కాలు పెట్టకపోతే రాదు. పోనీ, గుడ్డ రెండు మడతలు వేసి నీళ్లు వడగట్టుకున్నా రాదు."

గుడ్డ! ఇంటినిండా ఉన్నాయి గుడ్డలు. నా పాత చీరలతో పాపకు బొంతలు కుట్టాను, ఉయ్యాల కట్టాను. ఒక్క పేలిక కడవ మూతికి కట్టలేదు.

ఆ రోజునుంచి ఇప్పటిదాకా నా బుర్రలో ఒకటే లెక్క తిరుగుతుంది. ఆ నీళ్లు పాప ఏ రోజు తాగింది? బూబక్క నీళ్లు తాపిన వారానికి ముందా, వెనకా? ముందైతే నేను తెలియక చేశాను. వెనకైతే తెలిసీ భయపడి చేశాను. ఇది తేల్చేవాళ్లు ఎవరూ లేరు. దేవుడిని అడుగుదామంటే, ఆ ఊళ్లో ఆయన కూడా మా అత్త పక్షమే.

ఊరికి వచ్చి చెప్పాను. ముందు మా అత్తకు చెప్పాను. "కాళ్లు కడగొద్దన్న్యాడా? వాడేం డాక్టరు!" అంది. తర్వాత బావి దగ్గర ఆడవాళ్లకు చెప్పాను. నారి ఉన్నవాళ్లు నీళ్లలో దిగొద్దని, రాయిని గట్టు మీదికి ఎత్తిద్దామని. మధ్యాహ్నానికి చావడి దాకా పోయింది మాట.

"ఇన్నారా అప్పా? మన ఆడోళ్ల కాళ్లు మురికివంట. మన కాళ్లు కడిగితే పురుగులు పడతాయంట. కాలువగట్టు నుంచి వచ్చిన పంతులు బిడ్డ చెప్తాండాది," అని ఊరిపెద్ద అంటే చావడంతా నవ్వింది. బిడ్డ కాలు పోయి మతి చెడిందన్నారు. కొందరు జాలిపడ్డారు. నేను బావి మెట్ల మీద నిలబడి అరిచిన రోజులు కూడా ఉన్నాయి. నారి కట్టు కట్టుకున్న ఒకామె చేయి పట్టి లాగితే, ఆమె నన్ను తోసేసి పోయి ఆ రాయి మీదే కూర్చుంది. బూబక్క ఒక్కతే పాపకు రోజూ నీళ్లు తెచ్చి మా దొడ్డిగోడ మీద పెట్టేది. ఈసారి నేను అందరూ చూస్తుండగానే తీసుకున్నాను. మా అత్త మాట తప్పలేదు, నా చేతి నీళ్లు ఆమె రెండేళ్లు తాగలేదు. ఇంత తెగువ ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే ఏం పోయేది నాకు?

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జిల్లా బోర్డు వాళ్లు వచ్చి, ఎవరినీ అడగకుండా బావి మెట్లు మూసేశారు. చుట్టూ గోడ కట్టి గిలకలు పెట్టారు. ఊరు మండిపడింది. గంగమ్మను జైల్లో పెట్టారని ఆడవాళ్లు శాపాలు పెట్టారు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి ఊళ్లో నారి అన్నమాట లేదు. అదే ఏడాది నాగులకట్ట మీద కొత్త నాగరాళ్లు నిలబెట్టారు. ఆ పుణ్యమేనని అందరూ ఒప్పుకున్నారు. నేను కాదంటే వినేవాళ్లెవరు?

మెట్లు మూసేముందు మా అత్త మనుషుల్ని పెట్టి ఆ నల్లరాయిని పైకి తీయించింది. బండిలో మా ఇంటికి తెప్పించి, దొడ్లో కాళ్లు కడుక్కునే చోట వేయించింది. ఎంతోమంది పుణ్యస్త్రీలు కడుక్కున్న రాయట. దాన్ని పగలగొట్టాలని గడ్డపార తీసుకున్నాను ఒకసారి. మా ఆయన వచ్చి గడ్డపార తీసుకుపోయాడు.

స్వరాజ్యం వచ్చే ఏటికి నా బిడ్డకు పద్దెనిమిదేళ్లు. కుడికాలు మునివేళ్ల మీద మోపి, కర్ర పట్టుకుని నడిచేది. ఒకరోజు సాయంత్రం అది ఆ రాయి మీద కూర్చుని ఉంటే, నడుం వంగిపోయిన మా అత్త కూర్చున్నచోటినుంచి జరుగుతూ వచ్చి, మనవరాలి కాళ్లు ఒళ్లో పెట్టుకుని కడుగుతోంది. ఎడమ మడమ మా అందరి మడమల మాదిరే నెర్రెలు విచ్చింది. కుడి మడమ మీద ఒక్క గీత లేదు. ఐదేళ్ల వయసులో ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. మా అత్త దాన్ని చెంపకు ఆనించుకుంది.

"సూడు మే, ఎంత మెత్తగుండాదో నా తల్లి కాలు. మన ఇంట్లో ఇంత సక్కని కాలు ఎవురికన్నా ఉండాదా?"

"నేలకు ఆనితే కదవ్వా పగిలేది," అని నా బిడ్డ నవ్వింది. నవ్వి, నావైపు తిరిగింది. "అమ్మా, నా కంటే ముందు నారి నీకు లేసిందంట గదా. నీది మానింది. నాదేంటికి మానలేదు? నేనేం పాపం చేసినా?"

"నువ్వేం చెయ్యలేదు నా తల్లీ. మీ తాత ఎప్పుడో పుట్ట చెరిపినాడు, నాగేంద్రుని కోపం," అంది మా అత్త.

నా బిడ్డ ఆమె మాట వినలేదు. నన్నే చూస్తోంది. ఊరందరికీ అరిచి చెప్పిన మాట, బావి మెట్ల మీద నిలబడి చెప్పిన మాట, ఆ నారి ఎవరి కాలిదో దాని ముందు ఒక్కసారి చెప్పవలసిన మాట, దాన్ని దాటేశాను.

"అవ్వ చెప్పిందే నిజమమ్మా," అన్నాను.

అది తల ఊపి, కర్ర అందుకుని లోపలికి పోయింది. నేను ఆ రాయి మీద కాళ్లు కడుక్కుని, దాని వెనకే ఇంట్లోకి పోయాను.